ఇంటి వైఫైకి గట్టి తాళం: రౌటర్ సెట్టింగ్స్‌లో ఏది, ఎక్కడ, ఏ వరుసలో మార్చాలి

కాకినాడలో మా మావయ్యగారింటి గేటుకి ఏడాది పొడుగునా 'టు లెట్' బోర్డు వేలాడుతూ ఉంటుంది. పై వాటా ఖాళీగా ఉన్నా లేకపోయినా దాన్ని దించరు. బోర్డు మీద ఆయన పేరు, కింద ఫోన్ నంబరు. మొన్న సంక్రాంతికి వెళ్లి వైఫై పాస్‌వర్డ్ అడిగితే "గేటు మీదుంది చూసుకోరా" అన్నారు. హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. వైఫై పేరు ఆయన పేరే, పాస్‌వర్డ్ ఆ నంబరే. కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ కుర్రాడు "మీ నంబరే పెట్టేస్తున్నా సార్, మర్చిపోరు" అని పెట్టేసి వెళ్లాడట. నాలుగేళ్లుగా అదే నడుస్తోంది.

"ఎవడో రెండు వీడియోలు చూసుకుంటే మనకేం పోయిందిరా, అన్‌లిమిటెడే కదా" అన్నది ఆయన వాదన. పోయేది డేటా కాదు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు ఐపీ అడ్రస్ ఆధారంగా కూపీ లాగితే అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్ కనెక్షన్ అని తేలింది. మెయిల్ పంపింది ఆయన కాదు, ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. కానీ ఆ సంగతి రుజువయ్యేదాకా విచారణలు ఎదుర్కొన్నది ఆయనే. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే ముందు వాళ్ల తలుపే తడతారు.

ఆ సాయంత్రం కూర్చుని మావయ్య రౌటర్ మొత్తం సరిచేశాను. గంటన్నర పట్టింది, మధ్యలో రెండు టీలు. ఆ పని వరుసే ఇది. చదివే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి: రౌటర్‌కి రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వైఫైలోకి రావడానికి. రెండోది రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి, దీన్నే అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. మొదటిదాని గురించి అందరికీ తెలుసు, చుట్టాలొస్తే అడిగేది అదే. రెండోదాన్ని చాలా ఇళ్లలో పెట్టె వచ్చిన రోజు నుంచి ఎవరూ ముట్టుకుని ఉండరు. రెండోది చేతికి చిక్కినవాడు మొదటిదాన్ని చూడగలడు, మార్చగలడు, మిమ్మల్నే బయటపెట్టి తలుపేసుకోగలడు.

కూర్చునే ముందు

రౌటర్ని తిరగేసి కింద ఉన్న స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫోటో తీయండి. మోడల్ నంబరు, పేజీ అడ్రస్, మొదటి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ దాని మీదే ఉంటాయి.

ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. వైఫై మీద ఉండి వైఫై సెట్టింగ్ మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. 'సేవ్' నొక్కగానే కనెక్షన్ తెగుతుంది, మార్పు పడిందో లేదో తెలియదు. పెట్టెతో పాటు వచ్చిన పొట్టి కేబుల్ ఏ సొరుగులోనో ఉంటుంది, వెతకండి. కేబుల్ దొరక్కపోతే ఫోన్‌తో కూడా చెయ్యొచ్చు, కాస్త ఓపిక కావాలి అంతే.

మీ నెట్ కనెక్షన్‌కి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ (రౌటర్ కంపెనీ లైనులోకి లాగిన్ అవడానికి వాడేవి) ఉన్నాయేమో కంపెనీకి ఫోన్ చేసి అడిగి రాసుకోండి. ఇప్పుడు అవసరం పడకపోవచ్చు. కానీ ఏదైనా తేడా వచ్చి రౌటర్ని రీసెట్ చేయాల్సొస్తే, అవి లేకుండా నెట్ రాదు.

ఇంట్లో ఎన్ని పెట్టెలు వైఫై ఇస్తున్నాయో కూడా ఒకసారి చూడండి. ఫైబర్ వైరు వచ్చి తగిలే పెట్టెని ఓఎన్‌టీ అంటారు. ఈ రోజుల్లో దాంట్లోనే వైఫై ఉంటుంది. సిగ్నల్ చాలక కొందరు దానికి వేరే రౌటర్ కొని తగిలిస్తారు. కొత్త రౌటర్‌కి శ్రద్ధగా తాళం వేసి, ఓఎన్‌టీ వైఫైని పాత పాస్‌వర్డ్‌తో అలాగే వదిలేసిన ఇళ్లు నేను చాలానే చూశాను. రెండు పెట్టెలుంటే రెండింటి పేజీలూ తెరవాలి. ఓఎన్‌టీలో వైఫైని ఆపేస్తే మరీ మంచిది.

పేజీ తెరవడం

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే కమాండ్ కొట్టండి. వచ్చిన జాబితాలో 'డిఫాల్ట్ గేట్‌వే' అన్న వరుసలో కనిపించే అంకెలే మీ రౌటర్ అడ్రస్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే 'గేట్‌వే' అని కనిపిస్తుంది. ఎక్కువ పెట్టెలకి అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. జియో ఫైబర్ పెట్టెలకి 192.168.29.1.

ఆ అంకెల్ని బ్రౌజర్‌లో పైనున్న అడ్రస్ పట్టీలో కొట్టండి, గూగుల్ పెట్టెలో కాదు. 'రౌటర్ లాగిన్' అని వెతికితే రౌటర్ కంపెనీల పేర్లు పెట్టుకున్న నకిలీ సైట్లు, 'హెల్ప్‌లైన్' అని ఫోన్ నంబరు పెట్టి కూర్చున్న మోసగాళ్లు తగులుతారు. రౌటర్ పేజీ మీ ఇంట్లోని పెట్టెలోంచే వస్తుంది, దానికి ఇంటర్నెట్‌తో పని లేదు. నెట్ ఆగిపోయినా అది తెరుచుకుంటుంది.

బ్రౌజర్ 'నాట్ సెక్యూర్' అని ఎర్రగా హెచ్చరిస్తుంది. బ్యాంకు సైటుకి అలా వస్తే వెనక్కి వచ్చెయ్యాలి. ఇక్కడ మాత్రం మామూలే, ముందుకెళ్లండి. ఫోన్‌తో చేసేవాళ్లు మొబైల్ డేటా ఆపండి, లేకపోతే ఫోన్ ఆ అడ్రస్‌ని బయట వెతికి 'దొరకలేదు' అంటుంది.

స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ పనిచేయకపోతే ఎవరో మార్చారన్నమాట, చాలాసార్లు కనెక్షన్ ఇచ్చిన కుర్రాడే. కంపెనీకి ఫోన్ చేసి అడగండి. వెనక సన్నటి రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే రీసెట్ అవుతుందని ఎవరైనా చెబితే, మీరు సొంతంగా కొన్న రౌటర్‌కి మాత్రమే ఆ పని చేయండి. కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీకి చేస్తే లైను సెట్టింగులు కూడా చెరిగిపోయే ప్రమాదం ఉంది. తర్వాత టెక్నీషియన్ వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు.

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్

సిస్టమ్ టూల్స్, మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్, అకౌంట్ మేనేజ్‌మెంట్: కంపెనీని బట్టి పేరు మారుతుంది, చోటు మాత్రం దాదాపు ఎప్పుడూ మెనూ చివర్లో. అక్కడ పాత పాస్‌వర్డ్ ఒకసారి, కొత్తది రెండుసార్లు అడుగుతుంది.

మావయ్య పెట్టెలో యూజర్‌నేమూ 'అడ్మిన్', పాస్‌వర్డూ 'అడ్మిన్'. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ పనిచేసింది ఇలాంటి వాటి మీదే. అదేమీ గొప్ప సాంకేతిక విద్య ప్రదర్శించలేదు. కంపెనీలు పెట్టి పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు అరవై దాకా జాబితా రాసుకుని, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా మీదా రౌటర్ మీదా ఒక్కొక్కటీ ప్రయత్నించింది. లక్షల పరికరాలు తలుపులు తెరిచేశాయి. ఆ సైన్యంతోనే ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (సైటు పేరు కొడితే దాని అంకెల అడ్రస్ వెతికిపెట్టేదే డీఎన్ఎస్) మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు.

ఈ పాస్‌వర్డ్ ఏడాదికోసారి కూడా వాడరు కాబట్టి గుర్తుండాల్సిన పని లేదు. ఎంత పొడుగైనా, ఎంత కంగాళీగా ఉన్నా ఫర్వాలేదు. కాగితం మీద రాసి బీరువాలో ఇంటి పన్ను రసీదుల పక్కన పెట్టండి. కాగితం మీద పాస్‌వర్డ్ రాయడమేంటని కొందరు కంప్యూటర్ వాళ్లు ముఖం చిట్లిస్తారు. వీధిలో నిలబడి వైఫై మీద దాడి చేసేవాడికి మీ బీరువా కనిపించదు. వైఫై పాస్‌వర్డే దీనికీ పెట్టడం మాత్రం చేయకండి. అలా చేస్తే పక్కింటి పిల్లాడికి వైఫై చెప్పిన రోజే బీరువా తాళం కూడా చేతికిచ్చినట్టు.

అదే మెనూలో 'రిమోట్ మేనేజ్‌మెంట్' అని ఉంటే ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఈ పేజీ ఇంటి బయటి నుంచి కూడా తెరుచుకుంటుంది. 'టీఆర్-069' అని కనిపిస్తే మాత్రం వేలు పెట్టకండి. కంపెనీ దాని ద్వారానే మీ ఓఎన్‌టీని చూసుకుంటుంది, అది తీసేస్తే లైను బాగుచేసేటప్పుడు వాళ్లకీ మీకూ తలనొప్పి.

ఫర్మ్‌వేర్

రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఇది. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ 'క్రాక్' అనే లోపం బయటపెట్టాడు. అప్పటిదాకా గట్టిదనుకున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిలోనే బొక్క ఉందని తేలింది. పాస్‌వర్డ్ మార్చినా అది పూడలేదు, అప్‌డేట్ వేసిన పరికరాల్లోనే పూడింది.

సొంత రౌటర్ అయితే 'ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్' అనే చోట 'చెక్ ఫర్ అప్‌డేట్' నొక్కండి, ఆటోమేటిక్ అప్‌డేట్ అన్న ఎంపిక ఉంటే పెట్టేయండి. కంపెనీ ఓఎన్‌టీ అయితే వాళ్లే పంపుతారు, బయట దొరికిన ఫైళ్లు తెచ్చి వేయకండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు. కాబట్టి ఇన్వర్టర్ లేని ఇంట్లో, ఎండాకాలం కోతల వేళ, ఉరుముతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

వైఫై పేరు

వైర్‌లెస్ లేదా డబ్ల్యూల్యాన్ అనే మెనూలో ఉంటుంది, అక్కడ దీన్ని ఎస్ఎస్ఐడీ అంటారు. ఇంటి పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, కంపెనీ మోడల్ పేరు ఇవేవీ వద్దు. ఫలానా ఫ్లాట్ 302 అని పెడితే ఏ తలుపు వెనక ఏ రౌటర్ ఉందో అపార్ట్‌మెంట్ మొత్తానికీ చెప్పినట్టే. ఇంకో కారణం కూడా ఉంది, పాస్‌వర్డ్ దగ్గర చెబుతాను.

తెలుగులో పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టుకోవచ్చు. పేరుకి 32 బైట్ల చోటు ఉంటుంది, తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, సున్నా, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తింటాయి. అంటే పది గుర్తుల దాకా పడతాయి. 'గోంగూర' ఆరు గుర్తులు, హాయిగా సరిపోతుంది. కొన్ని పాత టీవీలూ ప్రింటర్లూ మాత్రం దాన్ని పిచ్చి గీతలుగా చూపిస్తాయి.

పేరు కనిపించకుండా దాచే 'హైడ్ ఎస్ఎస్ఐడీ' అన్న టిక్కు జోలికి పోకండి. దాచిన పేరుని పట్టుకునే ఉచిత యాప్‌లు బోలెడు. పైగా రౌటర్ చెప్పడం మానేసింది కాబట్టి మీ ఫోనే ఎక్కడికెళ్లినా "ఫలానా వైఫై ఉందా, ఉందా" అని అరుచుకుంటూ తిరగాల్సి వస్తుంది.

సెక్యూరిటీ మోడ్

పేరు కిందే ఒక జాబితా జారుతుంది. అందులో కనిపించేవి ఇవి:

- నన్ లేదా ఓపెన్: తాళమే లేదు.
- డబ్ల్యూఈపీ: 1997 నాటిది. 2001లోనే దీని లోపలి గణితం బద్దలైంది. దీన్ని ఈ రోజు ఒక మామూలు ల్యాప్‌టాప్ నిమిషాల్లో విప్పుతుంది.
- డబ్ల్యూపీఏ: 2003లో, డబ్ల్యూఈపీ కూలిపోయాక పాత పరికరాల్ని ఎలాగోలా నెట్టుకురావడానికి వేసిన మాటు.
- డబ్ల్యూపీఏ2-పర్సనల్, లేదా డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే: 2004 నుంచి.
- డబ్ల్యూపీఏ3-పర్సనల్, లేదా ఎస్ఏఈ: 2018 నుంచి.
- 'ఎంటర్‌ప్రైజ్' అని ఉన్నవి ఆఫీసులకి. వాటికి వేరే సర్వర్ కావాలి.

ఇంట్లో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అన్నీ ఈ మధ్య కొన్నవే అయితే డబ్ల్యూపీఏ3. కొత్తవీ పాతవీ కలిసి ఉంటే, మనిళ్లలో ఎప్పుడూ కలిసే ఉంటాయి, 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' అన్న జోడీ ఎంపిక. రౌటర్‌లో 3 అసలే కనిపించకపోతే డబ్ల్యూపీఏ2తో పాటు ఎన్‌క్రిప్షన్ దగ్గర ఏఈఎస్.

ఇక్కడొక చిన్న మెలిక. చౌక పెట్టెల్లో చాలావాటికి 'డబ్ల్యూపీఏ/డబ్ల్యూపీఏ2 మిక్స్‌డ్, టీకేఐపీ+ఏఈఎస్' అని పెట్టి పంపుతారు. జాబితాలో కిందెక్కడో 3 ఉన్నా సరే. ఆ టీకేఐపీ 2003 నాటి మాటులో భాగం. దాన్ని తీసేయమని మావయ్యతో అంటే "నడుస్తున్నదాన్ని కెలకడమెందుకురా" అన్నారు. అప్పుడు భద్రత గురించి కాకుండా స్పీడు గురించి చెప్పాను. టీకేఐపీ మీద కనెక్టయిన పరికరానికి 54 ఎంబీపీఎస్ దాటి వేగం రాదు, కొత్త వైఫై పద్ధతుల్లోని వేగాలకి దాన్ని అనుమతించరు. మీరు నెలనెలా 100 ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతున్నారు కదా అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు.

'పీఎంఎఫ్' లేదా 'ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్' అని ఉంటే 'కేపబుల్' పెట్టండి. 'రిక్వైర్డ్' పెడితే పాత ఫోన్లు కలవవు. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ట్యాబులు (వీటినే బ్యాండ్లు అంటారు) ఉంటే రెండింట్లోనూ ఇవన్నీ చేయాలి. ఒకదాంట్లో చేసి రెండోదాన్ని మరిచిపోతే పాత తాళం అలాగే వేలాడుతుంది.

పాస్‌వర్డ్: అసలు కథ ఇక్కడుంది

వైఫై పాస్‌వర్డ్ కనుక్కునేవాడు మీ రౌటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ కొట్టి చూస్తాడని చాలామంది ఊహ. డబ్ల్యూపీఏ2లో అలా జరగదు. మీ ఫోన్ వైఫైకి కలిసే ప్రతిసారీ రౌటర్‌తో నాలుగు మాటలు మాట్లాడుకుంటుంది. పాస్‌వర్డ్ బయటికి చెప్పదు, కానీ తనకి తెలుసని రుజువు చేస్తుంది. వీధిలో కారులో కూర్చున్నవాడు ఆ నాలుగు మాటలూ గాలిలోంచి పట్టుకుంటే చాలు, ఇక అతనికి మీ రౌటర్‌తో పని లేదు. ఇంటికెళ్లి, ఫ్యాన్ వేసుకుని, తన కంప్యూటర్‌లో ఒక్కొక్క ఊహనీ ఆ మాటలతో పోల్చి చూసుకుంటాడు. మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసేసే కాపలాదారు అక్కడ ఉండడు. మీకు ఏ హెచ్చరికా రాదు.

ఆ పనిని కష్టం చేయడానికి డబ్ల్యూపీఏ2 మీ పాస్‌వర్డ్‌ని వైఫై పేరుతో కలిపి కవ్వంతో మజ్జిగ చిలికినట్టు 4096 సార్లు చిలుకుతుంది. ఆ వచ్చిన వెన్నే తాళంచెవి. పేరు కూడా అందులో కలుస్తుంది కాబట్టే పేరు విడ్డూరంగా ఉండాలన్నాను. కంపెనీ పెట్టిన మామూలు పేర్లకి ముందే చిలికి పెట్టుకున్న పట్టికలు దొరుకుతాయి.

ఇప్పుడు ఫోన్ నంబరు సంగతి లెక్కేద్దాం. పది అంకెలు. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి కాబట్టి సాధ్యమయ్యేవన్నీ కలిపి 400 కోట్లు. ఒక మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షల ఊహలు సరిచూడగలదు. అంటే 4000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. ఊళ్లో ఉన్న ఏ ఫోన్ నంబరు పాస్‌వర్డ్ అయినా ఆ లోపే తేలిపోతుంది. పేరు పక్కన 123 పెట్టినవి అంతసేపు కూడా ఆగవు. పుట్టిన తేదీలు, ఇష్టదైవం పేర్లు, హీరోల పేర్లు అన్నీ ఇదే తరగతి.

డబ్ల్యూపీఏ3లో ఈ 'ఇంటికెళ్లి పోల్చుకోవడం' కుదరదు. ప్రతి ఊహకీ రౌటర్‌ని నేరుగా అడగాల్సిందే. జోడీ ఎంపికలో మాత్రం పాత ఫోన్లు డబ్ల్యూపీఏ2తోనే కలుస్తాయి కాబట్టి ఆ దారి తెరిచే ఉంటుంది. అందుకే పాస్‌వర్డ్ గట్టిదే కావాలి.

గట్టిదంటే పొడుగైనది. నియమం ప్రకారం 8 నుంచి 63 అక్షరాలు. నేను చేసే పద్ధతి: ఆ రోజు పేపరు తెరిచి, కళ్లు మూసుకుని నాలుగు చోట్ల వేలు పెట్టి, తగిలిన నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతలతో రాస్తాను, ఎక్కడో ఒక చోట రెండంకెల సంఖ్య దూర్చి. నిమ్మ, గొడుగు, 58, పలక, సున్నం. దాదాపు 30 అక్షరాలు. మాటలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. సామెత, పాట పల్లవి పనికిరావు, మీకు నోటికొచ్చింది వాడికీ వస్తుంది. ఇక్కడ రాసిన ఈ నాలుగూ కూడా వద్దు, ఇప్పటికే మీరు చదివేశారు.

ఒక్క జాగ్రత్త, దీన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటిసారి మా ఇంట్లో పెట్టినప్పుడు అందులో 'చెట్టు', 'వీధి' అనే మాటలున్నాయి. చెట్టుకి ఎన్ని 'టీ'లు, వీధిలో రెండు 'ఈ'లా ఒక 'ఐ'నా, చివర 'డీ' పక్కన 'హెచ్' ఉందా లేదా అని మా అమ్మ వారం రోజులు నాకు ఫోన్ చేసింది. దీర్ఘాలు, ఒత్తులు, త-ట, ద-డ తికమక లేని మాటలే ఏరుకోండి. అన్నీ చిన్న అక్షరాలే ఉంచమనడానికి కారణం టీవీ రిమోట్. ఆ బాణాలతో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ మార్చుకుంటూ కొట్టాల్సి వస్తే, మర్నాడే ఇంట్లోవాళ్లు మళ్లీ ఫోన్ నంబరు పెట్టేస్తారు.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి

పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కి కలుపుకునే సదుపాయం ఇది. బటన్‌తో పెద్ద బెడద లేదు, దాంతో పాటు వచ్చే ఎనిమిదంకెల పిన్ను దగ్గరే చిక్కు. ఎనిమిదంకెలంటే పది కోట్ల ఊహలు అనిపిస్తుంది. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టేది, కాబట్టి కోటికి దిగింది. పైగా రౌటర్ మొదటి నాలుగంకెల్నీ మిగతావాటినీ విడివిడిగా సరిచూసి, మొదటి సగం తప్పయితే అప్పుడే చెప్పేస్తుంది. అంటే 10,000, ఆ తర్వాత 1,000. మొత్తం 11,000 ప్రయత్నాలు, కొన్ని గంటల పని. 2011 డిసెంబరులో బయటపడిన సంగతి ఇది. పిన్ను దొరికితే మీరు కష్టపడి పెట్టిన ముప్పై అక్షరాల పాస్‌వర్డ్‌ని రౌటరే చేతిలో పెడుతుంది. వైర్‌లెస్ మెనూలోనే ఉంటుంది, రెండు బ్యాండ్లలోనూ ఆఫ్ చేయండి.

గెస్ట్ నెట్‌వర్క్

చుట్టాలకి, పై వాటా వాళ్లకి, పని మీద వచ్చినవాళ్లకి అసలు పాస్‌వర్డ్ చెప్పకుండా వేరే పేరుతో ఇంకో వైఫై ఇచ్చే ఏర్పాటు ఇది. ఆన్ చేసి, దీనికీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టి, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. 'అలో గెస్ట్స్ టు యాక్సెస్ మై లోకల్ నెట్‌వర్క్' అన్న టిక్కు తీసేయండి. అది ఉంటే గెస్ట్ పెట్టి ప్రయోజనం లేదు.

నా మటుకు నాకు ఇది మనుషులకంటే వస్తువులకే ఎక్కువ ఉపయోగం. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకుండా పడి ఉంటాయి. వాటిని గెస్ట్‌లో పడేస్తే, ఒకటి చెడిపోయినా మీ ల్యాప్‌టాప్ దాకా రాదు. చౌక బల్బులు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు, కొన్ని డబ్ల్యూపీఏ3 జోడీని చూసి బెదిరి కలవవు కూడా. గెస్ట్‌ని 2.4లో, డబ్ల్యూపీఏ2తో పెడితే ఆ గోలా తీరుతుంది. టీవీని మాత్రం ఆలోచించి పెట్టండి. ఫోన్లోంచి టీవీ మీదికి వీడియోలు పంపే అలవాటుంటే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి.

మావయ్య పై వాటావాళ్లకి అసలు పాస్‌వర్డే ఇచ్చారు. ఆయన కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్లో వాళ్లకి అద్దె లెక్కలతో సహా అన్నీ కనిపిస్తున్నాయని ఆ రోజే తెలిసింది.

మిగిలిన చిల్లర పనులు

డీఎన్ఎస్ దగ్గర ఏముందో చూడండి. 2011–12 ప్రాంతంలో బ్రెజిల్‌లో 45 లక్షల మోడెమ్‌లలో డీఎన్ఎస్ అడ్రస్ మార్చేశారు. జనం బ్యాంకు సైటు పేరు సరిగ్గానే కొట్టారు, తెరుచుకున్నది నకిలీ పేజీ. అక్కడ 'ఆటోమేటిక్' అని ఉన్నా, మీరు కావాలని పెట్టుకున్న 8.8.8.8, 1.1.1.1 లాంటివి ఉన్నా సరే. ఎవరిదో తెలియని అడ్రస్ ఉంటే కంపెనీని అడిగి, వాళ్లది కాకపోతే ఆటోమేటిక్‌కి మార్చండి.

'పోర్ట్ ఫార్వర్డింగ్' (బయటి నుంచి ఇంట్లోని పరికరానికి నేరుగా ఇచ్చే దారి) జాబితా ఖాళీగా ఉండాలి. ఏదైనా ఉంటే చాలావరకు అది కెమెరాలు బిగించినవాళ్లు తెరిచిన కిటికీ. కెమెరా యాప్ అది లేకుండా పనిచేస్తుంటే తీసేయండి. ఇంట్లోని పరికరాలు మిమ్మల్ని అడక్కుండా అలాంటి కిటికీలు తెరుచుకునే సదుపాయం 'యూపీఎన్‌పీ'. దాన్ని ఆపేసి వారం చూడండి, ఆటలాడే పిల్లలెవరూ గొడవ చేయకపోతే ఆపే ఉంచండి.

మ్యాక్ ఫిల్టరింగ్ (ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్యని చూసి రానివ్వడం) మీద టైము వృథా చేసుకోకండి. మ్యాక్ అడ్రస్ గాలిలో అందరికీ కనిపిస్తుంది, కాపీ కొట్టడం తేలిక. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తున్నాయి. చివరికి ఆ ఫిల్టర్ ఆపేది మీ వాళ్లనే.

మళ్లీ అందర్నీ కలపడం

అన్నీ సేవ్ చేసి రౌటర్ని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ముందు మీ ఫోన్ కలపండి. పాత పేరుని నొక్కి 'ఫర్గెట్' చేస్తేనే కొన్ని ఫోన్లు మాట వింటాయి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ వైఫై సెట్టింగ్స్‌లో 'షేర్' నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, మిగతా ఫోన్లు దాన్ని స్కాన్ చేస్తే చాలు. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది, కాబట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గెస్ట్ కోడ్‌ని మాత్రం ప్రింట్ తీసి హాల్లో అంటించుకోవచ్చు.

చివరగా 'కనెక్టెడ్ డివైజెస్' జాబితా తెరిచి లెక్కపెట్టండి. పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చారు కాబట్టి మీ చేత్తో కలిపినవే ఉండాలి. మావయ్య జాబితాలో పని మొదలెట్టే ముందు పద్నాలుగు ఉన్నాయి, ఇంట్లో ఉన్నవి ఆరు. పై వాటావి నాలుగు. మిగతా నాలుగూ ఎవరివో ఇప్పటికీ తెలియదు. మర్నాడు ఎదురుగా ఉన్న టీకొట్టు అబ్బాయి వచ్చి "బాబాయ్, మీ నెట్ పోయినట్టుంది, కంప్లైంట్ ఇచ్చారా?" అని అడిగాడు కాబట్టి, ఒక్కటి తగ్గించి మూడు అనుకోవచ్చు.

రౌటర్ పాడై కంపెనీవాళ్లు కొత్త పెట్టె తెచ్చి బిగిస్తే ఇవన్నీ పోయి మళ్లీ ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అవుతుంది. అప్పుడు బీరువాలోని కాగితం తీసి, 'పేజీ తెరవడం' దగ్గర్నుంచి మొదలుపెట్టండి.